నేలను చదివే విద్య

పాఠ్యభాగ ఉద్దేశం

మొక్కలను గుర్తించడం, ఒక ప్రాంతపు వృక్షసంపదను కొలిచి నమోదు చేయడం అనేవి వృక్షశాస్త్రవేత్తలకు మాత్రమే పరిమితమైన విద్యలు కావు. ఒక నేల భవితవ్యాన్ని నిర్ణయించే సందర్భంలో ఈ విద్యలే సాక్ష్యంగా నిలుస్తాయి. శ్రీకాకుళం జిల్లా నౌపడ ప్రాంతపు ఉప్పునేలలను ఆధారంగా చేసుకుని, క్షేత్రశిక్షణ స్వరూపాన్నీ, దాని సామాజిక ప్రయోజనాన్నీ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

హౌరా - చెన్నై రైలుమార్గంలో శ్రీకాకుళం దాటి ఉత్తరంగా వెళ్ళే ప్రయాణికునికి నౌపడ దగ్గర విశాలమైన చదునునేల కనిపిస్తుంది. ఒకవైపు ఉప్పుమడులు, గట్లమీద తెల్లగా మెరిసే ఉప్పురాశులు. మరొకవైపు బూడిదరంగు బురదనేల, అక్కడక్కడ నీటిమడుగులు. పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయే రైలుమార్గం చీలేది ఈ కూడలిలోనే. రైలు ఆగిన రెండు నిమిషాలలో కిటికీలోనుంచి చూచినవారు “ఇక్కడ ఏమీ లేదు” అనుకుని తల తిప్పుకోవడం సహజం. పచ్చని వరిచేలకూ, కొబ్బరితోటలకూ అలవాటుపడిన కన్నుకు ఈ నేల బీడుగానే తోస్తుంది.

అయితే బండి దిగి, గట్టు దాటి, ఆ నేలపై మోకాళ్ళమీద కూర్చుని చూచినవారికి వేరొక లోకం కనిపిస్తుంది. బురదను అంటిపెట్టుకుని పాకే కండగల ఆకుల మొక్కలు, కణుపు కణుపుగా నిలిచిన ఆకులేని కాడలు, ఉప్పుపొరను చీల్చుకుని పైకి వచ్చే గడ్డిపరకలు కనిపిస్తాయి. ఆ మొక్కల మధ్య పీతల బొరియలు, ఆ పైన మేతకు దిగిన కొంగలు ఉంటాయి. దూరం నుండి చూచినప్పుడు ‘ఏమీ లేదు’ అన్నమాట, దగ్గరకు వచ్చేసరికి ‘నాకేమీ తెలియదు’ అన్నమాటగా మారుతుంది. క్షేత్రశిక్షణలో మొదటి పాఠం ఇదే.

*పేరు తెలియడం పరిచయానికి నాంది*

పేరు తెలియని మనిషి జనసమూహంలో ఒకడు; పేరు తెలిసినవాడు మనకు పరిచయస్థుడు. మొక్కల విషయమూ అంతే. పేరు తెలియనంతకాలం అన్నీ ‘పిచ్చిమొక్కలే’. పేరు తెలిసిన మరుక్షణం దాని బంధువర్గం, దాని గుణదోషాలు, దాని ఉనికికి కావలసిన నీరూ నేలా అన్నీ ఒక్కొక్కటిగా తెలియవస్తాయి.

ఈ ప్రాంతపు ప్రజలకు తమ నేలను గురించి చెప్పడానికి చక్కని మాటలున్నాయి. వర్షపునీరు నిలిచి చాలాకాలం తడి ఆరని పల్లపు నేలను వారు ‘బీల’ అంటారు. ‘తంపర’ అన్నది కూడా అటువంటి తడినేలకు వాడే మాటే. ఈ మాటలు కేవలం ఊరి పలుకుబడులు కావు. ఎక్కడ నీరు నిలుస్తుందో, ఎంతకాలం నిలుస్తుందో, అక్కడ ఏమి పెరుగుతుందో తరతరాలుగా గమనించినవారు స్థిరపరచిన నిర్వచనాలవి. ప్రభుత్వ దస్త్రాలలో ‘బంజరు’ అన్న ఒక్కమాట కింద చేరిపోయే భూములను ప్రజలభాష ఇంత సూక్ష్మంగా వింగడించింది.

పాశ్చాత్య వృక్షశాస్త్రం సైతం ఈ తీరంలో ప్రజల మాటను ఆశ్రయించే ఎదిగింది. స్వీడన్ దేశపు ప్రకృతిశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ప్రకటించిన గ్రంథం ద్వారా ప్రతి మొక్కకూ రెండు పదాల శాస్త్రీయనామం ఇచ్చే పద్ధతి స్థిరపడింది. ఆయన శిష్యుడైన కోనిగ్ 1768లో దక్షిణ భారతానికి వచ్చి, మొక్కలు సేకరిస్తూ కోరమాండల్ తీరమంతా తిరిగి, 1785లో కాకినాడలోని జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆయన మిత్రుడైన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుండి సామర్లకోటలో నివసించి, స్థానిక చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించాడు. 1795లో మొదలై మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అన్న గ్రంథంలో 300 చిత్రాలున్నాయి. రాక్స్‌బర్గ్ ప్రతి మొక్కకూ తెలుగువారు పిలిచే పేరును అడిగి తెలుసుకుని రాసుకునేవాడు. మన అడవులలో పెరిగే సోమి చెట్టుకు శాస్త్రలోకంలో ‘సోయ్‌మిడా’ అన్న ప్రజాతినామం ఏర్పడింది. అది తెలుగు పేరు నుండి పుట్టినదే. అడిగిన శాస్త్రవేత్త పేరు గ్రంథం మీద నిలిచింది. చెప్పినవారి పేర్లు మాత్రం నిలవలేదు.

తరువాతి కాలంలో ఈ జిల్లా మొక్కలను ప్రత్యేకంగా పరిశీలించి ఆర్.ఎస్.రావు, ఎస్.హరశ్రీరాములు రచించిన శ్రీకాకుళం జిల్లా వృక్షసంపద గ్రంథం 1986లో వెలువడింది. ఒక జిల్లాలో ఏ మొక్క ఎక్కడ దొరుకుతుందో నమోదు చేసిన ఇటువంటి గ్రంథం రాబోయే తరాలకు మహోపకారం చేస్తుంది. ఒక మొక్క తగ్గిపోయిందని చెప్పాలంటే, అది ఒకప్పుడు ఉన్నదని చెప్పే ఆధారం ముందుగా ఉండాలి కదా!

*చూడటం నేర్చుకోవడం*

క్షేత్రశిక్షణకు కావలసిన పరికరాలు తక్కువ. పదిరెట్లు పెద్దదిగా చూపే చేతికటకం, గట్టి అట్టగల నోటుపుస్తకం, పెన్సిలు, కొలతటేపు, చిన్న కత్తి, పాత వార్తాపత్రికలు, రెండు చెక్కపలకల మధ్య కాగితాలు బిగించే ‘ప్రెస్’ చాలు. పెన్సిలునే ఎందుకు వాడాలంటే, వానలో తడిసినా దాని రాత చెదరదు. ఈనాడు చరవాణితో ఫొటో తీసి పేరు చెప్పించుకునే సౌకర్యం వచ్చింది. అది ఒక సూచనగా పనికివస్తుందే కాని నిర్ణయంగా పనికిరాదు. కటకం కింద పువ్వును విప్పి చూడనిదే నిశ్చయించలేని జాతులు అనేకం.

గుర్తించడంలో ఒక క్రమముంది. ముందుగా మొక్క ఆకృతి: చెట్టా, పొదా, తీగా, గుల్మమా? తరువాత కాండంపై ఆకుల అమరిక: ఒకదాని తరువాత ఒకటిగా ఉన్నాయా, ఎదురెదురుగా ఉన్నాయా? ఆకు తుంచితే పాలు వస్తాయా, నలిపితే వాసన వస్తుందా? పువ్వులో రక్షకపత్రాలెన్ని, ఆకర్షణపత్రాలెన్ని, అవి విడివిడిగా ఉన్నాయా, కలిసి ఉన్నాయా? అండాశయం పైన ఉందా, కింద ఉందా? ఈ ప్రశ్నలకు వరుసగా సమాధానం చెప్పుకుంటూ పోతే, నాలుగుదారుల కూడలిలో దారి అడుగుతూ ఊరు చేరినట్లు, మొక్క పేరు దగ్గరకు చేరుతాము.

నౌపడ వంటి ఉప్పునేలలో ఈ శిక్షణ ప్రారంభించడానికి మూడు మొక్కలు చాలు. తీరగ్రామాలవారు కూరగా వండుకునే ఇలకూర మొదటిది. దాని ఆకులు సన్నగా, గుండ్రని కాడల్లా, నీటితో నిండి, ఒకదాని తరువాత ఒకటిగా అమరి ఉంటాయి. రెండవది సాలికోర్నియా. దీనికి ఆకులు ఉన్నట్లే కనిపించవు. గొలుసుకట్టుగా కణుపులు గల కండకాడలే మొక్క అంతా. మూడవది సెసువియం, వృక్షగ్రంథాలు వంగరెడ్డికూర అని పేర్కొనేది దీనినే. నేలపై పాకుతూ, ఎదురెదురు ఆకులతో, నక్షత్రంలా విచ్చుకునే గులాబిరంగు పూలతో ఉంటుంది. మూడూ కండగల మొక్కలే. మూడూ ఉప్పును తట్టుకునేవే. పది అడుగుల దూరం నుండి మూడూ ఒకటిగానే కనిపిస్తాయి. వంగి చూచినవారికి మాత్రమే వేరువేరుగా కనిపిస్తాయి.

ఉప్పును తట్టుకోవడం సామాన్యమైన విషయం కాదు. ఉప్పునీరు వేరును చేరితే సాధారణ మొక్క తన నీటినే కోల్పోయి వాడిపోతుంది. ఇలకూర వంటివి ఉప్పును లోనికి తీసుకుని, ఆకులలో నీటిని నింపుకుని, ఆ ఉప్పు గాఢతను పలుచబరచుకుంటాయి. ఆంధ్రతీరపు ఉప్పుటేళ్ళ వెంట పెరిగే మడచెట్లు మరొక ఉపాయం పన్నాయి. అవి ఆకులపైనున్న గ్రంథుల ద్వారా ఉప్పును బయటకు పంపివేస్తాయి. ఎండిన రోజున ఆకును నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉంటుంది. బురదలో గాలి ఆడదు కనుక వాటి వేళ్ళు పెన్సిళ్ళలా నిటారుగా పైకి పొడుచుకువచ్చి శ్వాసిస్తాయి.

మడలోనూ తెల్లమడ, నల్లమడ అని రెండున్నాయి. తెల్లమడ ఆకు కొన తేలి ఉంటుంది. నల్లమడ ఆకు కొన గుండ్రంగా ఉండి, పువ్వు కొంచెం పెద్దదిగా ఉంటుంది. వాటి పక్కనే పెరిగే తిల్లచెట్టును కొమ్మ తుంచితే తెల్లని పాలు కారుతాయి. ఆ పాలు కంటబడితే ప్రమాదం. అందుకే శిక్షకులు “గుర్తించే ముందు తాకవద్దు, తాకిన చేతితో కన్ను నులుమవద్దు” అని మొదటిరోజే హెచ్చరిస్తారు.

పోలికవల్ల మోసపోయే సందర్భాలు గట్టునేలపైనా ఉన్నాయి. దూరం నుండి నల్లతుమ్మ, సర్కారుతుమ్మ ఒకేలా ఉంటాయి. నల్లతుమ్మ పువ్వులు పసుపుపచ్చని బంతులు. కాయ పూసలదండలా నొక్కులుగా ఉంటుంది. సర్కారుతుమ్మ పువ్వులు పొడుగాటి కంకులు. మొదటిది ఈ దేశపు చెట్టు. రెండవది అమెరికా ఖండాల నుండి వచ్చి మన బీడుభూములను ఆక్రమించుకున్నది. ఒకదానికి బదులు మరొకటి రాసుకుంటే, ఆక్రమణకు గురైన నేలను ఆరోగ్యంగా ఉన్న నేలగా నమోదు చేసినట్లవుతుంది.

పేరు నిశ్చయించిన తరువాత నమూనాను భద్రపరచాలి. పువ్వో కాయో ఉన్న కొమ్మను వార్తాపత్రికల మధ్య పరచి, ప్రెస్‌లో బిగించి, కాగితాలను రోజూ మార్చుతూ ఆరబెట్టాలి. ఉప్పునేల మొక్కలు నీటితో నిండి ఉంటాయి కనుక త్వరగా ఆరవు, కుళ్ళిపోతాయి. వాటిని ఒక్కక్షణం వేడినీటిలో ముంచి తీసి ఆ తరువాత ప్రెస్‌లో ఉంచుతారు. ఆరిన నమూనాను సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు గల మందపాటి కాగితంపై అతికించి, సేకరించిన చోటు, తేదీ, నేలస్వభావం, పూలరంగు, స్థానికనామం, సేకరించినవారి పేరు, క్రమసంఖ్య రాస్తారు. ఆ చీటీ లేని నమూనా ఎండుటాకు మాత్రమే. చీటీ ఉన్న నమూనా వందేళ్ళ తరువాత కూడా సాక్ష్యం చెబుతుంది. ఒక్క నియమం మాత్రం తప్పరాదు: ఒకేచోట నాలుగైదు మొక్కలకు మించి లేని జాతిని పెకలించరాదు, ఫొటో, కొలత తీసుకుని వదిలిపెట్టాలి.

*లెక్కపెట్టడం నేర్చుకోవడం*

ఏయే మొక్కలున్నాయో తెలిసినంత మాత్రాన నేల తెలిసినట్లు కాదు. ఏది ఎంత ఉంది, ఎక్కడ ఉంది అన్నవీ తెలియాలి. అమెరికాలోని నెబ్రాస్కా పచ్చికబయళ్ళలో రాస్కో పౌండ్, ఫ్రెడరిక్ క్లెమెంట్స్ అనే ఇద్దరు యువకులు 19వ శతాబ్ది చివర ఈ సమస్యనే ఎదుర్కొన్నారు. చూపుతో వేసిన అంచనాలు నమ్మదగినవి కావని గ్రహించి, నేలపై చదరాలు గీసి అందులోని మొక్కలను ఒక్కొక్కటిగా లెక్కించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఆ చదరాన్నే ‘క్వాడ్రాట్’ అంటారు. వారిలో పౌండ్ తరువాత న్యాయశాస్త్రంలో ప్రవేశించి హార్వర్డ్ న్యాయకళాశాలకు అధిపతి కావడం విశేషం. సాక్ష్యం లేని మాటకు విలువ లేదన్న సూత్రం రెండు శాస్త్రాలకూ సమానమే.

గుల్మాలకు ఒక మీటరు భుజం గల చదరం, పొదలకు 5 మీటర్లది, చెట్లకు 10 మీటర్లది సాధారణంగా తీసుకుంటారు. చెట్టయితే నేలనుండి సుమారు 1.37 మీటర్ల ఎత్తున, అంటే రొమ్ముఎత్తున, చుట్టుకొలత కొలుస్తారు. ఒక ఉదాహరణ చూద్దాం. ఉప్పునేలలో 20 చదరాలు వేశామనీ, వాటిలో 15 చదరాలలో ఇలకూర కనిపించిందనీ, మొత్తం 240 మొక్కలు లెక్కకు వచ్చాయనీ అనుకుందాం. అప్పుడు దాని పౌనఃపున్యం 75 శాతం. సాంద్రత 240ని 20తో భాగించగా చదరానికి 12. సమృద్ధి 240ని 15తో భాగించగా 16. మొదటి సంఖ్య ఆ మొక్క ఎంత విస్తృతంగా ఉందో చెబుతుంది. రెండవది మొత్తం నేలలో సగటున ఎంత ఉందో చెబుతుంది. మూడవది ఉన్నచోట ఎంత గుంపుగా ఉందో చెబుతుంది. అల్లుకుపోయే మొక్కలను విడివిడిగా లెక్కించలేము. అటువంటప్పుడు అవి చదరంలో ఎంతభాగం కప్పుతున్నాయో చూచి, బ్రాన్‌బ్లాంకే అనే శాస్త్రవేత్త ఏర్పరచిన కొలమానం ప్రకారం 5 శాతం లోపు ఉంటే 1, 25 శాతం వరకు 2, 50 వరకు 3, 75 వరకు 4, ఆపైన 5 అని గుర్తిస్తారు.

చదరాలు ఎక్కడ వేయాలన్నది మరింత ముఖ్యం. కొత్తగా నేర్చుకునేవారు తెలియకుండానే పచ్చగా, అందంగా ఉన్నచోట చదరం వేస్తారు. బురద లోతుగా ఉన్నచోటును తప్పించుకుంటారు. అలా చేస్తే కొలిచినది నేలను కాదు, మన ఇష్టాన్ని. అందుకే ముందుగానే గీత గీసుకుని, ఆ గీతపై నిర్ణీత దూరంలో, అది ముళ్ళపొద అయినా మోకాటిలోతు బురద అయినా, చదరం వేసి తీరాలి. ఒక్క మొక్కా లేని చదరంలో ‘సున్న’ అని రాయడం కూడా విజ్ఞానమే. ఆ సున్నను సిగ్గుపడి దాచినవాడు తక్కిన సంఖ్యలను కూడా అబద్ధం చేస్తాడు.

సముద్రపుటొడ్డు నుండి లోపలికి ఇటువంటి గీత వేసుకుని నడిస్తే తీరం తన కథను తానే చెబుతుంది. ఇసుకతిన్నెలపై మేకగిట్టలాంటి ఆకులున్న బాలబందితీగ, ముళ్ళబంతుల రావణాసురుని మీసాలు ఇసుకను కదలకుండా పట్టి ఉంచుతాయి. తిన్నెల వెనుక మొగలిపొదలు, సరుగుడుతోటలు, జీడిమామిడి తోటలు. ఆ వెనుక పల్లంలో పోటునీరు చేరేచోట ఉప్పుమొక్కలు. ఇంకా లోపలికి వెళితే ఉప్పు తగ్గి, జమ్ము, తుంగ, కలువ, తూటికాడ. నీటి ఎత్తులో జానెడు తేడాతో మొక్కల వరస మారిపోతుంది. గాలివానలు వచ్చినప్పుడు ఈ వరసలన్నీ కలిసి ఊళ్ళకు అడ్డుగోడగా నిలుస్తాయి.

*ఋతువు చెప్పే సాక్ష్యం*

ఇక అన్నిటికన్న ముఖ్యమైన అంశం కాలం. వేసవిలో నౌపడ నేల పగుళ్ళు తేలి, ఉప్పుపొర కట్టి ఉంటుంది. తొలకరితో అదే నేల రూపం మారుతుంది. వాననీటిలో ఉప్పు పలుచబడి, నేలలో నిద్రించిన విత్తనాలు మొలకెత్తుతాయి. నీటితోపాటు చేపలు, చేపల వెంట పక్షులు వస్తాయి. దగ్గరలోని తేలినీలాపురం గ్రామంలో చెట్లపై గూళ్ళు కట్టే గూడబాతులకూ, ఎర్రకాళ్ళ కొంగలకూ ఈ చిత్తడినేలలే మేతభూములు. చాలాకాలంగా ఆ గ్రామస్థులు ఆ పక్షులను తమ ఇంటి ఆడపడుచుల్లా ఆదరిస్తున్నారు. ఏప్రిల్ నెలలో ఒక్కరోజు వచ్చి చూచినవాడు ఈ నేలను బంజరు అని రాస్తే, అతడు కళ్ళతో చూచినదే రాశాడు. కాని సత్యం రాయలేదు.

ఈ పొరపాటు కేవలం పుస్తకాలలో మిగిలిపోదు. మన దేశంలో 1994 నుండి భారీ పరిశ్రమలకు అనుమతి ఇచ్చేముందు పర్యావరణంపై వాటి ప్రభావాన్ని అంచనా వేసే విధానం అమలులోకి వచ్చింది. 2006లో దానిని సవరించి కొత్త ప్రకటన వెలువరించారు. ఆ అంచనా నివేదికలో అక్కడి మొక్కల, జంతువుల జాబితా ఉండాలి. అయితే ఆ సమాచారాన్ని చాలాసార్లు వానకాలం కాని ఒక్క ఋతువులోనే సేకరిస్తూ వచ్చారు. వానలోనే బతికే నేలకు ఇది ఎంతటి అన్యాయమో ఊహించవచ్చు.

శ్రీకాకుళం జిల్లా ఈ అనుభవాన్ని చేదుగానే చవిచూచింది. సోంపేట బీలలో తలపెట్టిన థర్మల్ విద్యుత్కేంద్రాన్ని రైతులు, మత్స్యకారులు వ్యతిరేకించారు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదేరోజున జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దుచేసింది. అది బంజరు కాదు, చిత్తడినేల అన్నదే వాదానికి మూలం. ఆ కేంద్రం నిర్మాణం జరగలేదు. మరుసటి ఏడాది, 2011 ఫిబ్రవరి 28న, నౌపడకు చేరువలోనే సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి వద్ద మరొక విద్యుత్కేంద్రం విషయంలో మళ్ళీ కాల్పులు జరిగాయి. మళ్ళీ ప్రాణనష్టం జరిగింది. ఆ నిర్మాణమూ మధ్యలోనే నిలిచిపోయింది. ఇదే మండలంలోని మూలపేటలో 2023లో రేవు నిర్మాణం మొదలైంది.

విద్యుత్తు కావాలి, రేవులు కావాలి, ఉపాధి కావాలి. వీటిని ఎవరూ కాదనరు. వలసలు ఎక్కువగా ఉన్న ఈ జిల్లాకు అవి మరింత అవసరం. మరి మొక్కలు లెక్కపెట్టేవాడు ఏమి చేయగలడు? పరిశ్రమ రావాలా వద్దా అన్న నిర్ణయం అతనిది కాదు. ఆ నిర్ణయం తీసుకునేవారి ముందు ఆ నేలపై ఏమున్నదో నిజంగా ఉంచడం మాత్రం అతని ధర్మం. అది సక్రమంగా జరిగి ఉంటే, ‘ఇది బంజరా, బీలా?’ అన్న ప్రశ్నకు సమాధానం వీథులలో కాక, బల్లపై పరచిన జాబితాలలోనే దొరికి ఉండేది. శిక్షణ లేని కన్ను ఒక ఊరి జీవనాధారాన్ని ఒక్క మాటతో చెరిపివేయగలదు. శిక్షణ పొందిన కన్ను తన సొంత అభిమానాన్ని కూడా పక్కనపెట్టి, లేనిదాన్ని ఉన్నదని చెప్పకుండా, ఉన్నదాన్ని లేదనకుండా రాయగలదు.

*ఊరే విశ్వవిద్యాలయం*

2002 సంవత్సరపు జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ పరిధిలోనూ ఒక కమిటీ ఏర్పడి, అక్కడి మొక్కలు, జంతువులు, వాటిని గురించిన ప్రజల విజ్ఞానం ‘ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు’లో నమోదు చేయాలి. మొక్కలను గుర్తించగల యువకులు లేనిదే ఈ పని సాగదు. కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2017లో ప్రారంభించిన హరిత నైపుణ్యాభివృద్ధి కార్యక్రమం ఇటువంటి శిక్షణను కళాశాల చదువు మధ్యలో ఆపినవారికి సైతం అందుబాటులోకి తెచ్చింది.

అయితే ఈ విద్యకు తొలి గురువులు ఊళ్ళోనే ఉన్నారు. ఏ గట్టుపై ఏ ఆకు మొలిస్తే ఉప్పు దిగుబడి తగ్గుతుందో ఉప్పుమడుల కూలీకి తెలుసు. ఏ పల్లంలో గడ్డిని పశువు ముట్టదో కాపరికి తెలుసు. ఏ జమ్ముదుబ్బుల్లో చేప గుడ్లు పెడుతుందో జాలరికి తెలుసు. ఇలకూరను ఎన్నిసార్లు ఉడికించి నీరు వంపితే ఉప్పు పోతుందో ఇంటి అవ్వకు తెలుసు. వారిని “ఇదేమిటమ్మా, దీనినేమంటారు?” అని వినయంగా అడిగి, చెప్పినది చెప్పినట్లు రాసుకుని, చెప్పినవారి పేరునూ ఆ చీటీపై రాయడం నేటి విద్యార్థి నేర్చుకోవలసిన మర్యాద. రాక్స్‌బర్గ్ కాలంలో జరిగిన లోటును మనమైనా పూరించాలి.

మీ కళాశాల ఆవరణలోనే ఒక మీటరు చదరం గీయండి. అందులోని మొక్కలను లెక్కించండి. తొలకరిలో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, నడివేసవిలో ఒకసారి అదే చదరం దగ్గర కూర్చోండి. మూడు జాబితాలను పక్కపక్కన పెట్టి చూచిన రోజున, ‘ఏమీ లేదు’ అన్నమాటను ఏ నేలనుద్దేశించి గాని అంత తేలికగా మీరు పలకలేరు.

కఠిన పదాలకు అర్థాలు

భవితవ్యం = జరుగబోయేది
వింగడించు = వేరుపరచు
నాంది = ప్రారంభం
గుల్మం = మెత్తని కాండం గల చిన్నమొక్క
పౌనఃపున్యం = మళ్ళీ మళ్ళీ కనిపించే తీరు
గాఢత = చిక్కదనం
పెకలించు = వేళ్ళతో పెరికివేయు
ఉప్పుటేరు = సముద్రపు పోటునీరు చేరే కాలువ
తొలకరి = మొదటివానల కాలం
దస్త్రం = కార్యాలయపు కాగితాల కట్ట

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. మొక్కలను గుర్తించి, నమూనాలను భద్రపరచే విధానాన్ని వివరించండి.
2. ‘బంజరు’ అన్న మాటకూ ‘బీల’ అన్న మాటకూ మధ్య గల అంతరం శ్రీకాకుళం జిల్లా ప్రజల జీవితాలను ఎలా ప్రభావితం చేసిందో చర్చించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. ఉప్పునేల మొక్కలు ఉప్పును తట్టుకునే ఉపాయాలేవి?
2. రాక్స్‌బర్గ్ కృషిని గురించి రాయండి.
3. వృక్షసర్వేను ఒక్క ఋతువులోనే జరిపితే కలిగే నష్టమేమి?
4. 25 చదరాలలో 10 చదరాలలో మాత్రమే ఒక మొక్క కనిపించి, మొత్తం 50 మొక్కలుంటే దాని పౌనఃపున్యం, సాంద్రత, సమృద్ధి ఎంత?

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి
1. “ఆ చీటీ లేని నమూనా ఎండుటాకు మాత్రమే.”
2. “అతడు కళ్ళతో చూచినదే రాశాడు, కాని సత్యం రాయలేదు.”

IV. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. శ్రీకాకుళం జిల్లా వృక్షసంపద గ్రంథం ఏ సంవత్సరంలో వెలువడింది?
2. తేలినీలాపురంలో గూళ్ళు కట్టే పక్షులేవి?
3. క్షేత్రంలో పెన్సిలునే ఎందుకు వాడాలి?

వ్యాకరణాంశాలు

సంధులు
పర్యావరణం = పరి + ఆవరణం – యణాదేశసంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి
నైపుణ్యాభివృద్ధి = నైపుణ్య + అభివృద్ధి – సవర్ణదీర్ఘసంధి
ప్రత్యేకం = ప్రతి + ఏకం – యణాదేశసంధి

సమాసాలు
జీవవైవిధ్యం = జీవుల యొక్క వైవిధ్యం – షష్ఠీ తత్పురుష సమాసం
తెల్లమడ = తెల్లనైన మడ – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
గాలివానలు = గాలియును, వానయును – ద్వంద్వ సమాసం
గుణదోషాలు = గుణమును, దోషమును – ద్వంద్వ సమాసం